వీల్ నట్టు గట్టిగా బిగించినా ఎందుకు వదులైంది?

మీరు రాసింది రెండుసార్లు చదివాను. స్విఫ్ట్‌కి నాలుగు కొత్త టైర్లు వేయించారు. పనిలో పనిగా తుప్పు పట్టిన ఇనుప రిమ్ములకు నల్ల పెయింట్ కూడా కొట్టించారు. విజయవాడలో బయల్దేరి సూర్యాపేట దాటాక ముందు ఎడమ చక్రం దగ్గర టక్ టక్ మని చప్పుడు మొదలైంది. ఆపి చూస్తే ఒక నట్టు వేళ్లతోనే తిరిగింది, ఇంకోటి పానా పెట్టగానే అర చుట్టు వచ్చింది. దారిలో దొరికిన మెకానిక్ పానాకి పైపు తొడిగి నాలుగు నట్లూ బిగించి, ఇంక ఊడే ప్రశ్నే లేదన్నాడు. ఎయిర్ గన్‌తో బిగించినవే వదులైతే అసలు ఎంత బిగించాలి, పైపుతో బిగించింది సరిపోతుందా అని మీ ప్రశ్న.

ముందు పని చెబుతాను, కారణం తర్వాత. ఆ కారుని ఇప్పుడున్నట్టుగా మళ్లీ హైవే ఎక్కించకండి. ఆ చక్రం ఒకసారి వదులుగా పరిగెత్తింది, ఆ తర్వాత పైపు దెబ్బ కూడా తిన్నది. రెండూ స్టడ్డుకి, అంటే నట్టు ఎక్కే మరలున్న కడ్డీకి, చేటే. దగ్గర్లోని మంచి మెకానిక్ దగ్గర ఆ చక్రం విప్పించి, నేను కింద చెప్పినట్టు స్టడ్లు, రిమ్ము కళ్లారా చూసుకోండి.

నేను ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా చక్రాలు, బ్రేకులు, సస్పెన్షన్ పనే చేస్తున్నాను. వదులైన చక్రంతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది "గట్టిగానే బిగించాం" అన్నవాళ్లే. వాళ్లు అబద్ధం చెప్పలేదు. గట్టిగా బిగించడం, సరిగ్గా బిగించడం రెండూ ఒకటి కావు.

నట్టు అంటే చక్రాన్ని తగిలించే మేకు అనుకుంటాం. బండి బరువంతా ఆ నాలుగు స్టడ్ల మీద వేలాడుతుందని అనుకుంటాం. అలా కాదు. నట్టు బిగిస్తున్నప్పుడు స్టడ్డు కొద్దిగా సాగుతుంది. సాగిన ఉక్కు మళ్లీ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు రిమ్ముని హబ్ మొహానికి, అంటే చక్రం వెనక స్టడ్లు ఉండే గుండ్రటి భాగానికి, అదిమి పడుతుంది. ఆ అదుముడు వల్ల పుట్టే రాపిడే చక్రాన్ని జరగకుండా పట్టి ఉంచుతుంది. నులక మంచం చూశారుగా, నులకలో బిగువు ఉన్నంతసేపే మంచం మంచంలా ఉంటుంది. ఇక్కడా అంతే, బిగువు పోతే నట్టు ఉన్నా లేనట్టే.

ఆ బిగువు ఎంతో లెక్క వేస్తే మీకు విషయం అర్థమవుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు మీద నట్టుని 100 న్యూటన్ మీటర్లకు (బిగింపు బలాన్ని కొలిచే లెక్క ఇది) బిగిస్తే, మర పొడిగా శుభ్రంగా ఉంటే, ఒక్కో స్టడ్డులో సుమారు 4 టన్నుల లాగుడు పుడుతుంది. నాలుగు నట్లకు 16 టన్నులు. చిన్న కారు చక్రానికి ఇది చాలినంత. అంత లాగుడు పెట్టడానికి ఆ స్టడ్డు సాగేది ఎంతో తెలుసా? రిమ్ము, డిస్కు మందం కలిపి చూస్తే మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు, అటూఇటూగా. తల వెంట్రుక మందం కూడా అంతే ఉంటుంది. మీ ప్రాణం ఆ వెంట్రుకంత సాగుడు మీద ఉంది.

ఇప్పుడు మీ పెయింట్ దగ్గరికి రండి. రిమ్ములకు కొట్టే పెయింట్ పొర కూడా మిల్లీమీటర్‌లో పదో వంతు దాకా ఉంటుంది. రెండు పొరలు కొడితే ఇంకా ఎక్కువ. ఆ పెయింట్ నట్టు కూర్చునే గుంటలోనూ, హబ్‌కి ఆనుకునే వెనక మొహం మీదా పడిందనుకోండి. ఎయిర్ గన్‌తో బిగించిన రోజు బిగువు బ్రహ్మాండంగానే ఉంటుంది. కానీ 4 టన్నుల కింద, బ్రేకు వేడికి, గతుకుల కుదుపులకు ఆ పెయింట్ నలిగి పక్కకి పోతుంది. నలిగిన మేరకు స్టడ్డు వెనక్కి ముడుచుకుంటుంది. సాగిందే వెంట్రుకంత, పెయింట్ నలిగిందీ అంతే. నట్టు ఒక్క చుట్టు కూడా తిరక్కుండానే బిగువు సున్నా అయిపోతుంది.

బిగువు పోయాక రిమ్ము హబ్ మీద అటూ ఇటూ జరగడం మొదలుపెడుతుంది. నట్టు తనంతట తాను తిరగడం అప్పుడు మొదలవుతుంది. ఇలా పక్కకి జరిగే కదలికే నట్లను విప్పేస్తుందని జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లోనే ప్రయోగం చేసి చూపించాడు. స్టడ్డు పొడవు వెంట లాగితే అంత తొందరగా వదులవని నట్టు, పక్కకి జరిపితే చూస్తుండగానే విడిపోతుంది. మీరు విన్న టక్ టక్ ఆ జరుగుడే. ఒక్కో చుట్టుకీ రిమ్ము స్టడ్లను కొడుతున్న చప్పుడు అది.

మీరు పెట్టిన ఫోటోలో నట్టు తీసిన చోట గుంట అంచున నల్ల పెయింట్ చిట్లి లేచి, మధ్యలో తళతళలాడే ఇనుము కనబడుతోంది. ఆ ఫోటో చూడగానే నాకు కారణం తెలిసిపోయింది. ఎయిర్ గన్ కుర్రాడు తక్కువ బిగించాడని అనుకోకండి. రిమ్ముకి పెయింట్ కొట్టేటప్పుడు ఆ నాలుగు గుంటలకీ, వెనక మొహానికీ టేపు అతికించి కొట్టాలి. మనవాళ్లు మొత్తం రిమ్ము మీద స్ప్రే కొట్టేస్తారు, చూడ్డానికి బాగుంటుందని.

తుప్పు సంగతీ ఇంతే. సముద్రం పక్క ఊళ్ల కార్లకి, విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు నుంచి వచ్చేవాటికి, హబ్ మొహం మీద పొరలు పొరలుగా తుప్పు లేచి ఉంటుంది. చక్రం విప్పిన ప్రతిసారీ నేను వైర్ బ్రష్‌తో హబ్ మొహం, రిమ్ము వెనక మొహం గీకి, పొడి గుడ్డతో తుడిచి, వేలితో తడిమి చూస్తాను. వేలికి గరుకుగా నలుసు తగిలితే మళ్లీ గీకుతాను. అన్నీ కలిపి రెండు నిమిషాల పని. దీన్ని చాలా షాపుల్లో చేయరు. మీరు పక్కన నిలబడి అడిగి చేయించుకోండి.

ఇక పైపు విషయం. బిగింపు బలం అంటే మీరు వేసే బరువుని పానా పొడవుతో గుణించడమే. 10 న్యూటన్ మీటర్లంటే దాదాపు ఒక కేజీ మీటర్. కారుతో వచ్చే పానా పిడి సుమారు పాతిక సెంటీమీటర్లు ఉంటుంది. దాని చివర 40 కేజీల బరువు పడితే 10 కేజీ మీటర్లు, అంటే మీకు కావాల్సిన 100 న్యూటన్ మీటర్లు. అదే పానా మీద 65 కేజీల మనిషి ఎక్కి నిలబడితే దాదాపు 160 అవుతుంది. ఎగిరి తొక్కితే ఎంతవుతుందో చెప్పలేం. 60 సెంటీమీటర్ల పైపు తొడిగి ఆ మనిషే బరువంతా వేస్తే 380 దాటుతుంది. 12 మిల్లీమీటర్ల స్టడ్డు, మంచి రకం ఉక్కుదే అయినా, 8 టన్నుల లాగుడు దగ్గర శాశ్వతంగా సాగిపోతుంది. మామూలు బిగింపుకి సరిగ్గా రెట్టింపన్నమాట. పైపు పెట్టి తొక్కినప్పుడు ఆ గీత ఎప్పుడు దాటామో చేతికి తెలియదు.

శాశ్వతంగా సాగిన స్టడ్డు ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఒక ట్యాక్సీ వచ్చింది. అయిదు స్టడ్లలో ఒకటి విరిగింది, మిగతా నాలుగూ బాగానే ఉన్నాయి కాబట్టి ఒక్కటే మార్చమన్నాడు డ్రైవరు. నేను కొత్త నట్టు తీసి, పానా లేకుండా, మిగతా స్టడ్ల మీద వేళ్లతో తిప్పి చూపించాను. ఒకదాని మీద కింద దాకా నీళ్లు జారినట్టు దిగింది. మిగతా మూడింటి మీద సగం దూరం హాయిగా వెళ్లి, అక్కడ బిగుసుకుపోయింది. కొత్త స్టడ్డు తెచ్చి పక్కన ఆనించి, మర మీద మర పెట్టి వెలుతురుకి పట్టుకున్నాను. కింద నాలుగు మరలు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయి, ఆ పైన సన్నగా వెలుగు కనబడింది. మర దూరం మారిపోయిందన్నమాట, స్టడ్డు సాగిపోయింది. ఆ డ్రైవరు చాలాసేపు ఆ రెండింటినీ చేతిలో పట్టుకుని చూశాడు. నాలుగేళ్లు పైపుతోనే బిగించానని చెప్పాడు. ఆ చక్రానికి అయిదు స్టడ్లూ మార్చాం.

మీరు కూడా ఈ వేళ్ల పరీక్షే చేయండి. చక్రం విప్పాక నాలుగు స్టడ్ల మీదా నట్టు చేత్తో తిరుగుతూ అడుగు దాకా వెళ్లాలి. ఎక్కడ పట్టేసినా ఆ స్టడ్డు తీసేయాల్సిందే. రిమ్ము కన్నాలు గుండ్రంగా ఉన్నాయా, కోలగా అరిగాయా చూడండి. గుంట చుట్టూ పగుళ్లు గాని, ఎర్రటి పొడి కారిన చారలు గాని ఉంటే ఆ రిమ్ము ఇక పనికిరాదు. నన్నడిగితే, చప్పుడు చేస్తూ పరిగెత్తిన చక్రం కాబట్టి, చూపుకి బాగున్నా ఆ నాలుగు స్టడ్లు, నాలుగు నట్లు మార్పించేయమంటాను. దెబ్బలు తిన్న ఉక్కు లోపల ఎక్కడ పగిలిందో కంటికి కనబడదు. టైరుకి పెట్టిన డబ్బుతో పోలిస్తే ఇది చాలా చిన్న ఖర్చు.

మరకి నూనె రాయాలా అని కూడా అడిగారు. వద్దండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే, ఏదీ వద్దు. పానా మీద మీరు వేసే బలంలో పదింట తొమ్మిది వంతులు రాపిడికే పోతాయి. స్టడ్డుని సాగదీసేది మిగిలిన ఒక్క వంతే. నూనె రాస్తే రాపిడి తగ్గుతుంది, అదే 100 న్యూటన్ మీటర్లకి 4 టన్నుల బదులు అయిదున్నర టన్నులు పడొచ్చు. కంపెనీ ఇచ్చే అంకె పొడి మరకి ఇచ్చిన అంకె. తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో శుభ్రం చేయండి, అంతే. రిమ్ము హబ్‌కి అతుక్కుపోతోందంటే హబ్ మధ్య గుండ్రటి అంచుకి పలచగా గ్రీజు రాయొచ్చు. అది స్టడ్ల మీదికి గాని, డిస్కు మీదికి గాని పాకకూడదు.

ఎంత బిగించాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది, ఇంకెవరి మాటా వినొద్దు. మారుతి చిన్న కార్లకి పాతవాటిలో 85, ఇప్పటివాటిలో 100 న్యూటన్ మీటర్లు చూస్తుంటాం. టయోటాకి 103, హోండాకి 108, ఈమధ్య వచ్చిన హ్యుందాయ్ కార్లకి 107 నుంచి 127 మధ్య. ఫోక్స్‌వ్యాగన్ పోలోకి 120, దానికి స్టడ్డు, నట్టు ఉండవు, హబ్‌లోకి నేరుగా దిగే బోల్టులు ఉంటాయి. వీటిలో ఏదీ మనిషి ఎక్కి తొక్కాల్సినంత కాదని గమనించండి.

టార్క్ రెంచ్, అంటే పెట్టిన అంకె దాకా బిగియగానే తెలియజేసే పానా, కొనుక్కుంటే మంచిది. సాకెట్ తగిలించే చోట అర అంగుళం చదరం ఉన్న క్లిక్ రకం, 40 నుంచి 200 దాకా అంకెలు ఉన్నది తీసుకోండి. పిడి మీద ఉన్న పట్టు దగ్గరే పట్టుకుని, నిదానంగా, ఒకే ఊపులో నొక్కాలి. టక్ మనగానే ఆగిపోవాలి. నమ్మకం కోసం మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లున్నారు, ఒక్కో క్లిక్కుకీ ఇంకొంచెం బిగుస్తుంది. దానితో నట్లు విప్పకూడదు. పని అయ్యాక అంకె కిందికి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగ్ అలసిపోయి లెక్క తప్పుతుంది.

రెంచ్ లేనివాళ్లకి నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ఇంట్లో బరువు చూసుకునే యంత్రం తెచ్చి చక్రం పక్కన గట్టి నేల మీద పెట్టండి. దాని మీద నిలబడి, నట్టుకి తగిలించిన పానా పిడిని చివర పట్టుకుని కిందికి నొక్కండి. పిడి నేలకి అడ్డంగా ఉండాలి, చక్రం వైపు చూస్తే మీ కుడి చేతి వైపు ఉండాలి. కుడివైపు కిందికి నొక్కితే బిగుస్తుంది, ఎడమవైపు కిందికి నొక్కితే విప్పుకుంటుంది. మీరు 70 కేజీలు ఉంటే, నొక్కుతున్నకొద్దీ అంకె తగ్గుతూ వస్తుంది. 30 దగ్గరికి వచ్చినప్పుడు పానా మీద పడింది 40 కేజీలు. టేపు పెట్టి పానా పొడవు నట్టు మధ్య నుంచి చెయ్యి పట్టిన చోటికి కొలవండి. పొడవు 30 సెంటీమీటర్లయితే 33 కేజీలు చాలు. నాలుగైదుసార్లు చేస్తే ఆ బలం ఎంతో మీ భుజానికి గుర్తుండిపోతుంది. రాత్రిపూట రోడ్డు పక్కన స్టెప్నీ వేయాల్సి వచ్చినప్పుడు ఆ గుర్తే అక్కరకొస్తుంది.

రోడ్డు పక్కన మార్చేటప్పుడు వరుస ముఖ్యం. హ్యాండ్ బ్రేకు లాగి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, మార్చే చక్రానికి ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్లు పెట్టండి. చక్రం నేల మీద ఉండగానే నట్లు ఒక్కోటి అర చుట్టు వదులు చేసి, ఆ తర్వాతే జాకీ లేపండి. లేపాక వదులు చేయాలని లాగితే బండి జాకీ మీంచి జారుతుంది. విప్పిన చక్రాన్ని బండి అంచు కిందికి తోసి ఉంచండి, జాకీ జారినా ప్రాణం మీదికి రాదు.

స్టెప్నీ ఎక్కించి నాలుగు నట్లూ వేళ్లతోనే ఎక్కించాలి, కనీసం నాలుగైదు చుట్లు. మొదటి చుట్టే పానాతో మొదలుపెడితే మర అడ్డంగా ఎక్కి నాశనమవుతుంది. ఇనుప రిమ్ముకి నట్టు కోసుగా ఉన్న వైపు లోపలికి ఉండాలి. తిరగేసి బిగించిన నట్లు నేను చాలాసార్లు చూశాను. అలా బిగిస్తే నట్టు గుంటలో కూర్చోదు, అంచు మీద ఆనుతుంది. ఇప్పుడు పానాతో ఒకటి బిగించి, దానికి ఎదురుగా ఉన్నది బిగించండి, తర్వాత మిగతా రెండు. అయిదు నట్లయితే ఒకటి వదిలి ఒకటి, నక్షత్రం గీసినట్టు. పక్కపక్కవి వరసగా బిగిస్తే రిమ్ము ఒక పక్కకి వంకరగా కూర్చుంటుంది, డిస్కు కూడా దానితో వంగుతుంది. బ్రేకు నొక్కినప్పుడు స్టీరింగ్ వణికే కార్లలో కొన్ని ఇలాంటివే. జాకీ మీద ఉండగా రిమ్ము కూర్చునే మేరకే బిగించి, చక్రం నేలకి తాకించాక అదే ఎదురెదురు వరుసలో రెండు విడతలుగా పూర్తి బలం వేయండి. మొదట సగం, తర్వాత మొత్తం.

ఎయిర్ గన్‌ని నేను తప్పు పట్టను, నా షాపులోనూ ఉంది. విప్పడానికి, నట్టుని దగ్గరికి తేవడానికి అది మంచి పనిముట్టు. చివరి బిగింపు దానితో చేయించకండి. కంప్రెసర్‌లో గాలి ఎంతుందో, కుర్రాడు ట్రిగ్గర్ ఎంతసేపు పట్టాడో, దాన్ని బట్టి ఒక నట్టుకి 70 పడుతుంది, పక్కదానికి 250 పడుతుంది. "గన్ వద్దు, చేత్తో బిగించు బాబూ" అని ముందే చెప్పండి. ఎవరూ కోప్పడరు.

అలాయ్ వీల్స్ వేసుకునే ఆలోచన ఉందన్నారు. నట్టు కూర్చునే చోటు మూడు రకాలుగా ఉంటుంది: కోసుగా, బంతిలా గుండ్రంగా, బల్లపరుపుగా వాషర్‌తో. హోండా కంపెనీ రిమ్ములకి గుండ్రటివి, కొన్ని టయోటా అలాయ్‌లకి వాషర్ ఉన్న చదును నట్లు వస్తాయి. బయట కొన్న అలాయ్‌కి పాత నట్లే వేస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది, పెయింట్ కథే మళ్లీ మొదలవుతుంది. షాపువాడిని రిమ్ముకి సరిపడే నట్లు అడిగి తీసుకోండి. పాత ఇనుప రిమ్ము స్టెప్నీగా ఉంటే దాని నట్లు కూడా డిక్కీలో ఉంచుకోండి.

ఎంత శుభ్రంగా చేసినా, చక్రం విప్పి పెట్టిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక ఒకసారి మళ్లీ సరిచూడాలి. కొత్త అలాయ్ అయితే ఇది తప్పనిసరి. చక్రాలు చల్లగా ఉన్నప్పుడే చూడండి. శ్రీశైలం ఘాట్ దిగి వచ్చాక డిస్కులు కాలిపోతుంటాయి, ఆ వేడిలో బిగిస్తే చల్లారాక లెక్క మారిపోతుంది. ఘాట్‌లోనే పంక్చరై అక్కడే మార్చాల్సి వస్తే బిగించుకుని నెమ్మదిగా కిందికి దిగి, బండి చల్లారాక మళ్లీ పానా పెట్టండి.

మీ బండికి ఇప్పుడు చేయాల్సింది ఇదీ. ఆ ఒక్క చక్రమే కాదు, నాలుగూ విప్పించండి, నాలుగింటికీ ఒకే పెయింట్ పడింది కాబట్టి. గుంటల్లోనూ వెనక మొహం మీదా పెయింట్ ఇనుము కనబడేదాకా గీకించండి. పెయింట్ స్టడ్ల మర మీద కూడా పడి ఉంటే వైర్ బ్రష్ పట్టించండి. ఆ ముందు ఎడమ చక్రానికి స్టడ్లు, నట్లు కొత్తవి వేయించి, పుస్తకంలో ఉన్న అంకెకి బిగించండి. వంద కిలోమీటర్ల తర్వాత సరిచూసినప్పుడు ఏ నట్టయినా కాస్త కదిలితే, ఏ చక్రానిది, ఎంత కదిలిందో ఇక్కడే రాయండి, ఆ గుంట ఫోటో కూడా పెట్టండి. చూసి చెబుతాను.